సొంతంగా చేసిన సోలార్ వాటర్ హీటర్: సాయంత్రానికి వేడి, తెల్లారేసరికి చల్లారిపోతోంది, ఎందుకు?

కొత్త_ప్యానెల్

అందరికీ నమస్కారం అండీ. మూడు నెలలుగా సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని సొంతంగా ఒక సోలార్ వాటర్ హీటర్ చేసుకున్నాను. పని చేస్తోంది గానీ సగమే చేస్తోంది, ఆ మిగతా సగం ఎక్కడ పోతోందో అంతుపట్టడం లేదు.

ముందు ఏం చేశానో చెప్తాను. ప్యానెల్ రెండు చదరపు మీటర్లు. లోపల అర అంగుళం రాగి పైపులు పది నిలువుగా, వాటిని కలుపుతూ పైనొకటి కిందొకటి అంగుళం పైపులు అడ్డంగా. పైపుల వెనక అల్యూమినియం రేకు, దాన్ని సన్న తీగతో పైపులకి బిగించి కట్టాను. అంతా నల్ల పెయింట్ వేశాను. వెనక రెండు అంగుళాల థర్మోకోల్, ముందు మామూలు కిటికీ అద్దం. ట్యాంకు 150 లీటర్లది, పైన గాలి గొట్టం తెరిచే ఉంటుంది కాబట్టి ప్రెజర్ పట్టదు. చుట్టూ రెండు అంగుళాల మందాన గ్లాస్ ఊల్ చుట్టి పైన రేకు వేశాను. పంపు పెట్టలేదు. వేడెక్కిన నీళ్లు తేలికై పైకి పోతాయి, చల్లటివి కిందికి దిగుతాయి, అలా వాటంతటవే తిరుగుతాయన్న లెక్కతో చేశాను, నిజంగానే తిరుగుతున్నాయి. మొదటి రోజు పదకొండింటికి పై పైపు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది, ఇంట్లో అందరినీ పైకి పిలిచి ఒక్కొక్కరినీ ముట్టుకుని చూడమన్నాను.

ఇప్పుడు సమస్య. కొత్తగా నింపిన నీళ్లు 15 డిగ్రీల దగ్గర మొదలై, ఎండ బాగుంటే సాయంత్రం నాలుగింటికి 43కి వస్తున్నాయి. రాత్రి ఒక్క చుక్క కూడా వాడకుండా వదిలేసినా తెల్లవారి ఆరింటికి చూస్తే 22. స్నానాలు పొద్దున్నే కాబట్టి మళ్లీ గీజర్ వేసుకోక తప్పడం లేదు. గ్లాస్ ఊల్ ఇంకో రెండు అంగుళాలు పెంచమంటారా?

ఇంకో ప్రశ్న కూడా. చలికాలంలో మా గదులు బాగా చల్లబడిపోతాయి, కరెంటు హీటర్ పెడితే మీటరు గిర్రున తిరుగుతోంది. ఇలాంటి ప్యానెళ్లే ఇంకో మూడు చేసి ఆ వేడి నీళ్లని గదుల్లోకి తిప్పితే ఇల్లు వెచ్చబడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

వేడి_లెక్క

ముందు ఒక మాట. పది నిలువు పైపులకి రెండు వైపులా అతుకులంటే ఇరవై అతుకులు, అవి కారకుండా నిలబడ్డాయంటే కష్టమైన పని అయిపోయినట్టే. మిగతాది చిన్నదే, అది ఏమిటో మీరిచ్చిన అంకెల్లోనే ఉంది. అంకెలతో సహా అడిగినందుకు థాంక్స్, చాలామంది "వేడి రావట్లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు.

లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి దాదాపు 4.2 కిలోజౌల్స్ కావాలి. 3600 కిలోజౌల్స్ కలిస్తే ఒక యూనిట్, మన కరెంటు మీటరు లెక్కపెట్టే యూనిటే. మీ 150 లీటర్లు 28 డిగ్రీలు పెరిగాయంటే 4.9 యూనిట్ల వేడి. బాగా ఎండ కాసిన రోజు సరైన వాలులో పెట్టిన ప్యానెల్ మీద చదరపు మీటరుకి ఇంచుమించు 5 యూనిట్ల ఎండ పడుతుందనుకుంటే మీ రెండు మీటర్లకి 10. అందులో సగం నీళ్లలోకి చేరింది. తీగతో కట్టిన రేకుకి, మామూలు అద్దానికి ఇది చాలా మంచి ఫలితం. పగటి పూట మీ ప్యానెల్ తన పని తాను చేస్తోంది.

ఇప్పుడు రాత్రి సంగతి. 43 నుంచి 22కి, 21 డిగ్రీలు పోయాయి, అంటే 3.7 యూనిట్లు. 14 గంటల్లో పోయింది కాబట్టి సగటున 260 వాట్లు. సరే, గ్లాస్ ఊల్ గుండా ఎంత పోవాలో చూద్దాం. 150 లీటర్ల ట్యాంకు ఒళ్లంతా కలిపి 1.7 చదరపు మీటర్లు ఉంటుంది. రెండు అంగుళాల పొడి గ్లాస్ ఊల్ గుండా చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి సుమారు 0.8 వాట్లు పోతాయి. లోపలికీ బయటికీ సగటున 28 డిగ్రీల తేడా అనుకుంటే మొత్తం 40 వాట్లు కూడా కాదు. రాత్రంతా కలిపితే అర యూనిట్, ట్యాంకులో మూడు డిగ్రీలు. ట్యాంకు కాళ్ల దగ్గర, పైపులు బయటికొచ్చే చోట పోయేది కూడా వేసుకుంటే అయిదారు డిగ్రీలు పడొచ్చు. మీకు పడుతున్నది 21. కాబట్టి ఇంకో రెండు అంగుళాల ఊల్ చుట్టినా ఒకటి రెండు డిగ్రీలే మిగులుతాయి, అసలు కన్నం అక్కడ లేదు.

నా అనుమానం ఏమిటంటే రాత్రి పూట నీళ్లు వెనక్కి తిరుగుతున్నాయి. పగలు ప్యానెల్లో వేడి నీళ్లు, ట్యాంకు అడుగున చల్లటి నీళ్లు. రాత్రయితే ఇది తలకిందులవుతుంది. ప్యానెల్ ఆకాశం వైపు ముఖం పెట్టుకుని ఉంటుంది, దాని వేడంతా అటు పోతుంది, లోపలి నీళ్లు చల్లబడి బరువెక్కుతాయి. ట్యాంకు కూడా దాదాపు అదే ఎత్తులో ఉంటే తక్కెడలో ఒక పక్క బరువు నీళ్లు, ఒక పక్క తేలిక నీళ్లు పెట్టినట్టే కదా. బరువువి ప్యానెల్లో కిందికి దిగి కింది పైపు గుండా ట్యాంకు అడుగుకి తోసుకుపోతాయి, ట్యాంకు పైనున్న వేడి నీళ్లు ప్యానెల్లోకి వచ్చి చల్లబడతాయి. పగలు నీళ్లని వేడిచేసిన ప్యానెలే రాత్రి రేడియేటర్ అయి కూర్చుంటుంది. ట్యాంకు బాగా ఎత్తులో ఉంటే ఈ గొడవ లేదు, చల్లటి నీళ్లు అడుగున ప్యానెల్లోనే పడి ఉంటాయి, వాటిని కదిలించేది ఏదీ ఉండదు.

అందుకని ఒక కొలత చెప్పండి: ట్యాంకు అడుగు, ప్యానెల్ పై అంచు కన్నా ఎంత ఎత్తులో ఉంది? కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి, 60 ఉంటే నిశ్చింత. ఇవాళ రాత్రి పదింటికి ఒకసారి పైకి వెళ్లి ప్యానెల్ పై పైపు పట్టుకుని చూడండి. అది చల్లగా ఉండాలి. గోరువెచ్చగా ఉందంటే ట్యాంకులోని వేడి అటు నడిచి వస్తోందన్నమాట.

కొత్త_ప్యానెల్

మీరు చెప్పినట్టే చూసి వచ్చానండీ. ముందు కొలత: ట్యాంకు అడుగు ప్యానెల్ పై అంచు కన్నా ఎత్తులో లేదు, పది సెంటీమీటర్లు కిందికే ఉంది. స్టాండు చేసిన వెల్డింగ్ ఆయన కాళ్లు పొట్టిగా కోసేశాడు, నీళ్లు తిరుగుతున్నాయి కదా అని నేనూ సరిపెట్టుకున్నాను.

రాత్రి పదింటికి టార్చ్ పట్టుకుని వెళ్లాను. అద్దం మొత్తం మంచు పట్టి తెల్లగా ఉంది, వేలితో గీస్తే నీళ్లు కారుతున్నాయి. కానీ పైన, లోపల అడ్డ పైపు ఉన్న మేరకి, ఈ చివర నుంచి ఆ చివర దాకా జానెడు వెడల్పున అద్దం పొడిగా ఉంది! పైపు పట్టుకుంటే వెచ్చగా ఉంది. కింది పైపు ఐసులా ఉంది. ఇంత స్పష్టంగా కళ్లకి కనిపిస్తుందని అనుకోలేదు.

స్టాండు మళ్లీ చేయించాలంటే ట్యాంకు దించాలి, టైమ్ పడుతుంది. ఈలోపు కింది పైపుకి నాన్ రిటర్న్ వాల్వ్, అంటే నీళ్లని ఒక వైపుకే పోనిచ్చేది, వేస్తే సరిపోదా?

రాగి_గొట్టం

నాన్ రిటర్న్ వాల్వ్ సంగతి నేను చెప్తాను, రెండు రకాలు వేసి చూశాను కాబట్టి. స్ప్రింగ్ ఉన్నది అస్సలు వద్దు. పంపు లేకుండా తిరిగే నీళ్లకి ఉండే తోపు ఎంతనుకున్నారు, కొన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లు ఇచ్చే ప్రెజర్, అంతే. 20 డిగ్రీల నీళ్లకీ 60 డిగ్రీల నీళ్లకీ బరువులో తేడా ఒకటిన్నర శాతమే మరి. ఆ తోపుకి స్ప్రింగ్ తెరుచుకోదు, రాత్రి మాట దేవుడెరుగు, పగలు కూడా నీళ్లు ఆగిపోతాయి. తేలికపాటి రెక్క ఉన్నది కొన్నాళ్లు పని చేసింది, తర్వాత దాని అంచున సున్నం గింజ ఒకటి ఇరుక్కుని సగం తెరిచి నిలిచిపోయింది. ఎత్తు పెంచడమే అసలు మందు, దానికి రిపేరు ఉండదు.

స్టాండు అయ్యేదాకా చేత్తో తిప్పే బాల్ వాల్వ్ ఒకటి పెట్టుకుని సాయంత్రం మూసి పొద్దున తెరవండి. కానీ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఆ వాల్వ్ కింది పైపుకే వేయాలి. పై పైపుకి ఎప్పుడూ వేయకండి. పొద్దున తెరవడం మర్చిపోయారనుకోండి, కిందిది ఒక్కటే మూసి ఉంటే లోపల మరిగినా ఆవిరి పై పైపు గుండా ట్యాంకులోకి, అక్కడి నుంచి గాలి గొట్టం గుండా బయటికి పోతుంది. రెండూ మూసి ఉంటే అది బిగించిన బాంబు. మీ ట్యాంకు గాలి గొట్టం కూడా ఎప్పుడూ ఏ మూతా పెట్టకుండా తెరిచే ఉండాలి, పురుగులు పడతాయనుకుంటే జాలీ కట్టండి.

ఇక థర్మోకోల్. దయచేసి అది తీసేయండి. నేను కూడా మొదటి ప్యానెల్‌కి అదే పెట్టాను. ఒకసారి పది రోజులు ఊరెళ్తూ నీళ్లు దించేసి ఖాళీ ప్యానెల్‌ని ఎండకి వదిలి వెళ్లాను, వచ్చి చూస్తే అద్దం లోపలి వైపు ఏదో జిడ్డు పొరలా పట్టి ఉంది. విప్పి చూస్తే షీటు షీటులా లేదు, రేకుకి తగిలిన వైపంతా కరిగి ముడుచుకుపోయి, గవ్వల్లా గట్టి ముద్దలైంది, ఆ ముద్దలకీ రేకుకీ మధ్య వేలు దూరేంత ఖాళీ. థర్మోకోల్ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది, నీళ్లు కదలని ప్యానెల్ లోపల నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు 150 డిగ్రీలు దాటగలదు. రేకుకి ఆనుకుని రాక్ ఊల్ పెట్టండి. అదే కారణానికి మామూలు పీవీసీ పైపు కూడా ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి, అది 60 డిగ్రీలకే వంగిపోతుంది. ప్యానెల్ నుంచి వచ్చే మొదటి మీటరు రాగో జీఐనో (జింకు పూత ఇనుము) ఉండాలి, ఆ తర్వాత వేడి నీళ్లకి పనికొచ్చే సీపీవీసీ పైపు వేసుకోవచ్చు.

విప్పినప్పుడే రేకు పని కూడా చూడండి. తీగ కట్టిన చోటే రేకు పైపుకి తగులుతుంది, మధ్యలో వెంట్రుకంత గాలి ఉంటుంది, ఆ వెంట్రుకంత గాలే వేడిని ఆపేస్తుంది. రేకుని పైపు గుండ్రానికి సరిపోయేలా గాడి కొట్టి, పైపు సగం చుట్టూ అతుక్కునేలా నొక్కి బిగిస్తే తేడా అదే రోజు కనిపిస్తుంది. గాడి కొట్టడానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు, రెండు చెక్కల మధ్య పైపు సైజు సందు వదిలి, రేకు దాని మీద పరిచి, అదే మందం ఇనుప కడ్డీ పెట్టి సుత్తితో కొట్టుకుంటూ పోవడమే. పెయింట్ మెరుపు లేనిది, వేడికి తట్టుకునేది వాడండి, మామూలు ఆయిల్ పెయింట్ పొక్కులొస్తుంది.

ట్యాంకు ఎత్తేటప్పుడు గుర్తుంచుకోండి, నీళ్ల బరువే 150 కిలోలు. ఎత్తు పెరిగేకొద్దీ గాలికి ఊగుతుంది, కాళ్లకి అడ్డ బద్దీలు తప్పనిసరి.

మంచు_రాత్రి

రాత్రి అద్దం మీద మంచు చూశానన్నారు కదా, అది చదివాక ఒక విషయం చెప్పాలనిపించింది. మీ దగ్గర చలికాలంలో సున్నా దాకా పడుతుందా? సున్నాకి పడకపోయినా, మూడు నాలుగు డిగ్రీలు ఉన్నా సరే, మబ్బు లేని రాత్రి ప్యానెల్ చుట్టూ ఉన్న గాలి కన్నా ఎక్కువ చల్లబడుతుంది, ఎందుకంటే దాని వేడి నేరుగా ఆకాశానికి పోతుంది. గాలి ఉష్ణోగ్రత చూసి "ఇంకా సున్నా రాలేదులే" అని నమ్ముకుంటే ఒక రోజు పొద్దున రాగి పైపు నిలువునా చీలి ఉంటుంది. నీళ్లు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతాయి, దానికి రాగి ఆగదు.

ఒకటి తెలుసుకోండి, మీకు ఇప్పటిదాకా పైపు పగలకపోవడానికి ఆ వెనక్కి తిరిగే వేడి నీళ్లే కారణం అయ్యుండొచ్చు. ఎత్తు సరిచేశాక ప్యానెల్‌కి ఆ వెచ్చదనం అందదు. కాబట్టి స్టాండు మార్చే రోజే గడ్డకట్టే సంగతి కూడా తేల్చుకోండి.

ఇది ఈనాటి సమస్య కాదు. ఎండతో నీళ్లు కాచే హీటర్‌కి అమెరికాలో క్లారెన్స్ కెంప్ అనే ఆయన 1891లో పేటెంట్ తీసుకున్నాడు. అందులో అద్దం పెట్టెలో నల్ల ట్యాంకులే ఉండేవి, పగలు కాగిన నీళ్లు రాత్రికి చల్లారిపోయేవి, అచ్చం మీ ఫిర్యాదే. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ట్యాంకునీ ప్యానెల్‌నీ విడదీసి, ట్యాంకుని ఎత్తులో పెట్టి చుట్టూ వేడి పోకుండా కట్టి, దానికి "డే అండ్ నైట్" అనే పేరే పెట్టాడు. మీరు ఇప్పుడు చేసుకున్నది ఆయన డిజైనే. 1913 జనవరిలో అక్కడ ఎన్నడూ లేనంత చలి పడి ప్యానెళ్లలో పైపులు పగిలిపోయాయి. అప్పుడాయన ప్యానెల్ నీళ్లని ట్యాంకు నీళ్లతో కలపకుండా, ఆల్కహాల్ కలిపిన నీళ్లు ప్యానెల్లోనూ ట్యాంకులో మునిగిన ఒక చుట్ట పైపులోనూ తిరిగేలా మార్చాడు. ఇప్పుడైతే ఆ చుట్టలో నీళ్లు గడ్డకట్టకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ వాడతారు. కార్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, స్నానపు నీళ్ల దగ్గర దాన్ని వాడకూడదు. ఇంకో లాభం కూడా ఉంది, ఉప్పు నీళ్లు వచ్చే చోట ప్యానెల్ పైపుల్లో సున్నం పేరుకోదు. అంత చేయలేకపోతే చలి రాత్రులు ప్యానెల్ నీళ్లు పూర్తిగా దించేయండి. ఎక్కడా చుక్క నిలవకుండా దిగాలంటే అడ్డ పైపులు కొద్దిగా ఒక పక్కకి వాలి ఉండాలి. మళ్లీ నింపేది పొద్దున ఎండ రాకముందే. వేడెక్కిన ఖాళీ ప్యానెల్లో చల్లటి నీళ్లు పోస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది, అద్దం పగిలినా పగులుతుంది.

మరో జాగ్రత్త. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ ఉన్న నీళ్లలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, షవర్ తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా తెస్తుంది. మీ ట్యాంకు నిలిచేది సరిగ్గా ఆ వేడిలోనే. ట్యాంకులో ఒక చిన్న కరెంటు కాయిల్ పెట్టుకుని వారానికోసారైనా మొత్తం నీళ్లని 60 దాటించి కాసేపు ఉంచండి. ఆ రోజు కుళాయి దగ్గర చల్లటి నీళ్లు కలిపే వాల్వ్ ఉండాలి, 60 డిగ్రీల నీళ్లు అయిదారు సెకన్లు పడితే చాలు చర్మం లోతుగా కాలిపోతుంది, పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో దీన్ని వాయిదా వేయకండి.

నాలుగు_గోడలు

మీ రెండో ప్రశ్నకి ఎవరూ రాలేదు, నేను రాస్తాను. నాకు బాగా ఇష్టమైన విషయం ఇది, కాస్త పెద్దదైతే ఏమనుకోకండి.

ఇంకో మూడు ప్యానెళ్లతో ఇల్లు వెచ్చబడదు. ఎందుకో చెప్తాను. ప్యానెల్‌కి ఎండ బాగున్న రోజు 5 యూనిట్లు వస్తున్నాయి, మూడింటికి 15 అనుకుందాం, మబ్బు రోజు అందులో నాలుగో వంతు కూడా రాదు. ఇప్పుడు మీ ఇంటి పైకప్పు చూడండి. 50 చదరపు మీటర్ల కాంక్రీటు స్లాబు, పైన ఏమీ కప్పకుండా ఉంటే చదరపు మీటరుకి, డిగ్రీ తేడాకి సుమారు 3 వాట్లు పోతాయి. లోపల బయట 12 డిగ్రీల తేడా ఉంచాలంటే ఒక్క స్లాబు గుండానే 1800 వాట్లు, రోజుకి 43 యూనిట్లు. మీరు తెచ్చి పోసేది 15, పైనుంచి ఎగిరిపోయేది 43, గోడలు, కిటికీలు ఇంకా లెక్కలోకే రాలేదు. అదే స్లాబు మీద పది సెంటీమీటర్ల ఇన్సులేషన్ వేస్తే పోయేది చదరపు మీటరుకి, డిగ్రీకి 0.35 వాట్లకి దిగుతుంది, రోజుకి 5 యూనిట్లు. అంటే ఆ పది సెంటీమీటర్లు రోజుకి 38 యూనిట్లు మిగులుస్తున్నాయి, ఎండ ఉన్నా లేకపోయినా, పగలూ రాత్రీ, ఒక్క పైపు అతకకుండా. ఇల్లు వెచ్చగా ఉండాలంటే నేనైతే డబ్బూ ఒళ్లూ ముందు అక్కడే పెడతాను.

అంతకన్నా ముందు సందులు. తలుపు కింద మూడు మిల్లీమీటర్ల సందు కంటికి ఆనదు, కానీ 90 సెంటీమీటర్ల వెడల్పున అది 27 చదరపు సెంటీమీటర్లు, గోడకి అయిదు సెంటీమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న కన్నం కొట్టి వదిలేసినట్టు. గాలి బాగా వీచే రోజు అగరుబత్తి వెలిగించి తలుపులు, కిటికీ చెక్కల అంచులు, కరెంటు పైపులు గోడలోకి వెళ్లే చోట్లు, పైకప్పు మీదికి తెరుచుకునే మూత, అన్నిటి దగ్గరా నిదానంగా తిప్పండి. పొగ నిలువుగా లేచేది ఒక్కసారి పక్కకి విరిగిందంటే అక్కడ సందు ఉన్నట్టే, చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. నేను చూసిన ఒక ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ గాలి స్విచ్ బోర్డులోంచి వస్తోంది, ఎవరూ కలలో కూడా అనుకోని చోటు. కిటికీ పరదాలు కూడా అంతే, నేల దాకా ఆనకపోతే, పైన మూయకపోతే గదిలో గాలి పరదా వెనక దూరి, అద్దానికి తగిలి చల్లబడి, కింద నుంచి జారి కాళ్ల మీదికే వస్తుంది.

దీనికొక హద్దు ఉంది. గదిలో మంట ఏదైనా ఉంటే సందులు మూయకూడదు. బొగ్గుల కుంపటి, పొగగొట్టం లేని గ్యాస్ హీటర్, ఇలాంటివి మూసిన గదిలో వాడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ముందు ఆ మంట బయటికి పంపి తర్వాత సందుల పని పెట్టుకోండి. వంటగదిలో, స్నానాల గదిలో తేమ బయటికి పోయే ఫ్యాన్ ఉండాలి, లేకపోతే గోడ మూలల్లో బూజు పడుతుంది.

ఎండనే వాడుకోవాలన్న కోరిక మీకుంది కాబట్టి, గదులకి నీళ్ల ప్యానెల్ కాదు, గాలి ప్యానెల్ చేయండి. నీళ్లు లేవు, గడ్డకట్టదు, కారదు. మధ్యాహ్నపు ఎండ తగిలే గోడకి అద్దం పెట్టె ఒకటి, లోపల రెండు మూడు పొరల నల్లటి లోహపు జాలీ, గోడకి పైన ఒక కన్నం, కింద ఒక కన్నం. గదిలో చల్లటి గాలి కింది నుంచి దూరి జాలీ గుండా వేడెక్కి పై కన్నం నుంచి గదిలోకి వస్తుంది. రాత్రయితే ఇది కూడా మీ ట్యాంకులాగే వెనక్కి తిరుగుతుంది! దానికి కింది కన్నానికి పల్చటి ప్లాస్టిక్ కాగితం పైఅంచు మాత్రం అతికించి వేలాడదీస్తే చాలు, గాలి లోపలికి పోయేటప్పుడు లేస్తుంది, వెనక్కి రాబోతే అతుక్కుపోతుంది. నీళ్ల దగ్గర ఇబ్బంది పెట్టే వాల్వ్ గాలి దగ్గర ఒక కాగితం ముక్కతో అయిపోతుంది. ఎడ్వర్డ్ మోర్స్ 1881లోనే ఇలాంటి దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఫ్రాన్స్‌లో ఒదెయో దగ్గర ఫెలిక్స్ ట్రోంబ్, జాక్ మిషెల్ 1967లో కట్టిన ఇంట్లో అద్దం వెనక మందపాటి కాంక్రీటు గోడే పెట్టారు, పగలు గోడ తాగిన వేడి రాత్రికి మెల్లగా గదిలోకి వస్తుంది. ట్రోంబ్ గోడ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఇవన్నీ అయ్యాక ఇంకా చలి మిగిలితే అప్పుడు మెషీన్. కరెంటు హీటర్‌లో ఒక యూనిట్ పోస్తే ఒక యూనిట్ వేడే, ఎంత ఖరీదైనది కొన్నా అంతే. వేడి కూడా ఇచ్చే ఏసీ, అంటే హీట్ పంప్ అయితే బయటి గాలిలోని వేడిని లోపలికి తోడి పోస్తుంది కాబట్టి ఒక యూనిట్‌కి మూడు దాకా ఇస్తుంది. బయట చలి ముదిరేకొద్దీ అది తగ్గుతుంది.

ఎండ_పలక

చిన్న మాట. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, కరెంటు ఇచ్చే సోలార్ పలకల లెక్క కూడా చూసుకోండి. పలక ఎండలో 20 శాతాన్ని కరెంటు చేస్తుంది, దాన్ని మామూలు కాయిల్‌కి ఇస్తే నీళ్లలోకి చేరేది ఆ 20 శాతమే. హీట్ పంప్ గీజర్‌కి ఇస్తే మూడింతలై 60 దాకా వస్తుంది, పైపులు గడ్డకట్టే బాధ లేదు. కానీ ప్యానెల్ ఇప్పటికే ఉండి, చేతిలో పని ఉన్న మీలాంటివాళ్లు దాన్ని వదిలేయాల్సిన అవసరం నాకైతే కనబడదు.

కొత్త_ప్యానెల్

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి సారీ అండీ.

మొదటి రాత్రే కింది పైపు వాల్వ్ మూసి చూశాను. సాయంత్రం 43, పొద్దున 38! వేడి_లెక్క గారు అయిదారు డిగ్రీలు అన్నారు, సరిగ్గా అయిదు. ఆ రోజు అందరం గీజర్ స్విచ్ ముట్టుకోకుండా స్నానాలు చేశాం. రాత్రి మళ్లీ అద్దం చూడ్డానికి వెళ్లాను, ఆ పొడి పట్టీ లేదు, పై నుంచి కింది దాకా ఒకేలా మంచు పట్టి ఉంది.

తర్వాత ట్యాంకు దించి స్టాండు కాళ్లు పెంచాం, ఇప్పుడు ట్యాంకు అడుగు ప్యానెల్ కన్నా 45 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది, నాలుగు పక్కలా అడ్డ బద్దీలు వేయించాను. వాల్వ్ ఇప్పుడు తెరిచే ఉంచుతున్నాను, పొద్దున 37, 38 మధ్య ఉంటోంది. దించినప్పుడు ఇంకొకటి బయటపడింది. పై పైపు ట్యాంకుకి వెళ్లే దారిలో మధ్యలో ఒక చోట పైకి లేచి మళ్లీ కిందికి దిగుతోంది, ఆ వంపులో గాలి పట్టేసి ఉంది. అప్పుడప్పుడు మధ్యాహ్నం గుడగుడమని చప్పుడు వచ్చేది, అది మరుగుతున్న చప్పుడని మురిసిపోయేవాణ్ణి. పైపు మార్చి మొదటి నుంచి చివరి దాకా ఎక్కుతూనే ఉండేలా పెట్టాను, సాయంత్రం వేడి 43 నుంచి 46కి వెళ్లింది.

రాగి_గొట్టం గారూ, థర్మోకోల్ విప్పాను. మీ అంత కాకపోయినా పై సగం ముడుచుకుపోయే ఉంది. రాక్ ఊల్ వేశాను. రేకుకి గాడి కొట్టే పని సగంలో ఉంది, మూడు రేకులు అయ్యాయి, మొదటిది కాస్త వంకర పోయింది.

చుట్ట పైపు పని చలి ముదిరేలోపు చేయాలి, అప్పటిదాకా మరీ చలిగా ఉన్న రాత్రులు మాత్రం కింది వాల్వ్ మూసి ప్యానెల్ నీళ్లు దించేస్తున్నాను. ఒక డౌట్: 150 లీటర్ల ట్యాంకుకి ఎంత పొడవు రాగి చుట్ట పెట్టాలి?

వేడి_లెక్క

45 చాలు, మంచి పని చేశారు. ఆ 46 చూస్తే నాకే సంతోషంగా ఉంది.

చుట్టకి పొడవు కన్నా పైపు లావు ముఖ్యం. పంపు లేకుండా తిరగాలి కాబట్టి అర అంగుళం చుట్ట పెట్టకండి, లోపల రాపిడికే తోపు అంతా పోతుంది. ముప్పావు అంగుళానికి తక్కువ కాకుండా, వీలైతే అంగుళం పైపు తీసుకోండి, చుట్ట ట్యాంకులో పై నుంచి కిందికి ఆగకుండా దిగుతూ ఉండాలి, ఎక్కడా తిరిగి లేవకూడదు, లేచిన చోట మళ్లీ మీ గుడగుడ మొదలవుతుంది. పొడవు, ట్యాంకులో పట్టినంత. పైన ఎత్తైన చోట గ్లైకాల్ ఉబ్బడానికి ఒక చిన్న డబ్బా పెట్టి దాని మూత వదులుగా ఉంచండి.

ట్యాంకు మూత కొలత, లోపలి లోతు పెట్టండి, ఎన్ని చుట్లు పడతాయో చూద్దాం.

కొత్త_ప్యానెల్

రేపు పొద్దున నీళ్లు దించాక కొలిచి పెడతాను. నాలుగు_గోడలు గారూ, మా స్విచ్ బోర్డు దగ్గర కూడా పొగ విరిగింది!